చారలు లేని నల్ల గీత

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. ఆసుపత్రి రెండో అంతస్తులో, పదకొండో మంచం దగ్గర, డిటెక్టివ్‌కి అప్పటికే ఒకసారి కోపం వచ్చి తగ్గింది. ఇప్పుడు రెండోసారి వస్తోంది.

మంచం మీద బస్సు డ్రైవరు. ఎడమకాలికి తొడదాకా కట్టు, నుదుటికి ఇంకో కట్టు. తలుపు దగ్గర కుర్చీలో కాపలా కానిస్టేబులు కునికిపాట్లు పడుతున్నాడు. డ్రైవరు భార్య మంచం కోళ్ళ దగ్గర నేలమీదే కూర్చుంది. కుట్టు ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన నీలం కోటు ఒంటిమీదే ఉంది, నిన్నట్నించీ విప్పినట్టు లేదు. ఈ కేసు డిటెక్టివ్ చేతికిచ్చింది ఆమే.

"మళ్ళీ చెప్పు, మొదట్నించీ," అంది డిటెక్టివ్.

"ఎన్నిసార్లు చెప్పను మేడమ్? నావల్లే పోయింది ఆ పిల్ల. నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ గారొస్తారు. ఆయనేం రాసుకొస్తే దానికింద సంతకం పెట్టేస్తాను. పీడ వదిలిపోద్ది."

"పీడ వదలదు, పదేళ్ళు జైల్లో నీతోనే ఉంటుంది. నీ సంతకం సంగతి తర్వాత. నాకు టైము కావాలి. నిన్న పొద్దున ఫ్లైఓవరు కిందికి ఎన్నింటికొచ్చావ్?"

"ఆరూ యాభై రెండు. ఏడింటికి ఫ్యాక్టరీ గేటు మూసేస్తారు కదా, అందుకని గడియారం చూసుకున్నా."

"స్పీడు?"

"యాభై లోపే." అని ఒక్క క్షణం ఆగి, గోడవైపు చూస్తూ అన్నాడు. "యాభై లోపే అనుకుంటున్నా. ఏమో మేడమ్. పోలీసులూ ఎనభై అంటున్నారు, ఇన్సూరెన్సాయనా ఎనభై అని రాశాడంట. అంతమంది చెప్తుంటే ఎనభైయేనేమో."

డిటెక్టివ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది ఈ మాటకే. దొంగని దొంగ అంటే ఒప్పుకోడు, అది మామూలే. కానీ పద్దెనిమిదేళ్ళు బండి నడిపిన మనిషి, తన కళ్ళతో చూసిన స్పీడు ముల్లును తనే నమ్మలేని స్థితికి వచ్చాడంటే, చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కరోజులో ఎంత పని చేశారో కదా అనిపించింది.

"బ్రేకెక్కడ తొక్కావ్?"

"ఫ్లైఓవరు కిందే. సైకిలాయన అడ్డం వచ్చాడు. తొక్కగానే పట్టుకుంది మేడమ్. గట్టిగా పట్టుకుంది. లోపల ఇరవైముగ్గురూ ముందుకు తూలారు. హమ్మయ్య, ఆగుతున్నాం అనుకున్నా. కిందనుంచి బయటికి, వానలోకి వచ్చామో లేదో, వదిలేసింది."

"నువ్వు కాలు తీశావా?"

"తీయలేదు! నా పిల్లల మీదొట్టు. తొక్కిన కాలు తొక్కినట్టే ఉంది. స్టీరింగు తిప్పితే స్టీరింగు తిరుగుతోంది, బస్సు తిరగట్లేదు. అట్టా జారుకుంటూ పోయి, బురదలోకి దిగి, గోడకి కొట్టుకుంది. దారాలు కత్తిరించే పిల్ల ముందు సీట్లో కూర్చుంది. చేరి వారమే అయింది. రోజూ గుడ్‌మార్నింగ్ చెప్పి ఎక్కేది." అతను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. ఇక ప్రశ్నలడగడం అనవసరం.

బయట వరండాలో డ్రైవరు భార్య డిటెక్టివ్ చేతులు పట్టుకుంది. "అక్కా, సంతకం పెట్టకుండా చూడక్కా. నా మాట వినట్లేదు. ఇంకోటి, నా రెండో షిఫ్టు... ఇవాళ కూడా రాకపోతే పేరు కొట్టేస్తామని ఫోన్ చేశారు. వెళ్ళనా, వద్దా?"

"ఇంకా అడుగుతున్నావా? వెళ్ళు! ఇక్కడ కూర్చుని ఏడిస్తే ఎవర్ని ఉద్ధరిస్తావ్? ఆయన మంచంలో ఉన్నాడు, నీ పని కూడా పోతే పిల్లలేం తింటారు? నీ బస్సెన్నింటికి?"

"రెండో నంబరు బస్సు. మూడూ పదికి బజారు దగ్గరికొస్తుంది."

"ఎక్కు. ఫోను మాత్రం చేతిలోనే పెట్టుకో. నాలుగు లోపు నేను చూసుకుంటాను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. కసిరితేనే కాస్త ధైర్యం వచ్చే మనుషులుంటారు. డిటెక్టివ్‌కి ఓదార్చడం రాదు కాబట్టి అలాంటివాళ్ళంటేనే ఇష్టం.

రెండూ అయిదుకి ఫ్లైఓవరు కింద ఆమె కోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు. ఊరంతా అతన్ని 'ఇస్త్రీ' అంటుంది. ఎండలోనూ వానలోనూ చొక్కా మడత నలగదు. మూడేళ్ళు డిటెక్టివ్ దగ్గరే టేపు పట్టుకోవడం నేర్చుకుని, ఒకరోజు చెప్పాపెట్టకుండా కంపెనీలో చేరిపోయాడు. నిన్న సాయంత్రానికే ఈ ప్రమాదం మీద తొమ్మిది పేజీల రిపోర్టు ఇచ్చేశాడు. ఇన్‌స్పెక్టర్ రాసుకొచ్చే కాగితానికి ఆధారం అదే.

"గదిలో కూర్చుని రాసిన రిపోర్టు అన్నారట ఫోన్లో," అన్నాడు ఇస్త్రీ నమస్కారం కూడా లేకుండా. "ఆ మాట వెనక్కి తీసుకుంటారని వచ్చాను."

"వెనక్కి తీసుకోడానికి రాలేదు. ముఖం మీద చెప్పడానికొచ్చాను. ఇదేంటి?"

ఆమె చూపించినచోట, ఫ్లైఓవరు నీడలో, తారు మీద రెండు నల్లటి గీతలు సమానదూరంలో సాగి, నీడ అంచు దగ్గర తెగిపోయాయి. ఆ పైన రోడ్డు మీద ఏమీ లేదు. ముప్ఫై నాలుగు మీటర్ల అవతల, రోడ్డు దిగిన బురదలో బస్సు దున్నుకుపోయిన చాళ్ళు, విరిగిన గోడ.

"స్కిడ్ మార్కు. ఆరు మీటర్లు. నా రిపోర్టులో మూడో పేజీ."

"కొలిచావా? చూశావా?"

"రెండిటికీ తేడా ఏంటి?"

"కొలవడానికి టేపు చాలు. చూడాలంటే మోకాళ్ళకి మురికంటాలి." అంటూనే ఆమె రోడ్డు మీద మోకరిల్లింది. వెనకనుంచి వచ్చిన లారీ హారన్ మోగించి, తిట్టి, పక్కనుంచి పోయింది. ఆమె తల తిప్పలేదు. "నీ లెక్క చెప్పు."

ఇస్త్రీ పాఠంలా అప్పగించేశాడు. ఇక్కడ ఆరు, అక్కడ ముప్ఫై నాలుగు, మొత్తం నలభై మీటర్లు. తడి రోడ్డు, మంచి టైరు. అంతదూరం జారాలంటే వేగం డెబ్భై ఒకటి. గోడకి తగిలిన దెబ్బ కూడా కలిపితే ఎనభై. "అంకెలు మేడమ్. వాటికి బంధువులుండరు."

"మంచి టైరని ఎవడు చెప్పాడు?"

"నేనే చూశాను. పోలీసు యార్డులో ముందు చక్రాలు రెండిటికీ గాడి లోతు కొలిచాను. ఎనిమిది మిల్లీమీటర్లు."

"ఎన్ని గాడులు?"

"నాలుగు."

"అయితే ఈ గీతలో నాలుగు చారలేవి?"

ఇస్త్రీ వంగి చూశాడు. మోకాళ్ళు మాత్రం నేలకి ఆనించలేదు.

"చక్రం తిరక్కుండా జారితే, రోడ్డుకి తగిలిన రబ్బరే మసి పూస్తుంది," అంది ఆమె. "గాడి రోడ్డుకి తగలదు. గాడి ఉన్నంత మేరా తారు తారులాగే మిగులుతుంది. నాలుగు గాడులుంటే నల్ల గీతలో నాలుగు సన్న చారలు కనిపించాలి. ఇక్కడ చూడు. బొగ్గు ముక్కని అడ్డంగా పట్టుకుని రుద్దినట్టు, ఈ అంచునుంచి ఆ అంచుకి ఒకటే నలుపు. ఈ గీత గీసింది బోడి టైరు."

"బోడి టైరైతే ఇక్కడే జారిపోవాలి కదా? ఇక్కడ బ్రేకు గట్టిగా పట్టిందని మీ డ్రైవరే చెప్తున్నాడు. ఒకే బ్రేకు, ఒకే టైరు, రెండడుగులు ముందుకెళ్ళగానే వదిలేసిందా? వాడు కథ చెప్తున్నాడు, మీరు ఊకొడుతున్నారు."

డిటెక్టివ్ లేచి నిలబడింది. డ్రైవరు మాట ఎవరూ ఎందుకు నమ్మలేదో ఆమెకిప్పుడు అర్థమైంది. డ్రైవరు చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని పట్టుకుని అతన్ని అబద్ధాలకోరుని చేశారు.

"మూడేళ్ళు నా దగ్గర ఏం పీకావ్?" అంది. "ఫ్లైఓవరు కింద వాన పడదు. పొడి రోడ్డు మీద బోడి టైరే గట్టిగా పట్టుకుంటుంది. గాడులు లేవు కాబట్టి రోడ్డుకి ఆనే రబ్బరు ఎక్కువ. రేసుకార్లకి నున్నటి టైర్లెందుకు వేస్తారనుకున్నావ్, ముచ్చటకా? వానొచ్చిందంటే మళ్ళీ వాళ్ళే పరిగెత్తుకొచ్చి గాడుల టైర్లు బిగిస్తారు. గాడి ఉన్నది పట్టుకోడానికి కాదు నాయనా, నీళ్ళు పోవడానికి. అది కాలవ. కాలవ పూడిపోతే నీళ్ళెటు పోతాయి? టైరుకీ రోడ్డుకీ మధ్యే ఉంటాయి. టైరు వాటిమీదెక్కి కూర్చుంటుంది. అప్పుడు బ్రేకు తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే, స్టీరింగు తిప్పినా ఒకటే. అక్కడ ఆ బురద చూశావ్ కదా, దానికి ఈ రెండూ చాలవు. మట్టిని కరిచి, తిరిగినప్పుడల్లా విదిలించే ఎత్తైన రబ్బరు దిమ్మెలుండాలి. మూడు రకాల నేల, మూడు లెక్కలు. నువ్వు అన్నిటికీ కలిపి ఒకే లెక్క కట్టి, ఒక మనిషిని జైలుకి పంపుతున్నావ్. పొడిలో ఆరు, బోడి టైరుతో తడిలో ముప్ఫై నాలుగు అని వేసి చూడు. గోడ దెబ్బ కలిపినా యాభై దాటదు."

ఇస్త్రీ ఫోను తీసి లెక్క వేయడం మొదలుపెట్టాడు. ఆమె రోడ్డువైపు చూస్తూ నిలబడింది. తండ్రి టైర్ల దుకాణంలోనే ఆమె పెరిగింది. గాడి అంటే బొమ్మ కాదమ్మా, కాలవ అని వెయ్యిసార్లు చెప్పిన ఆ తండ్రే, ఒకసారి, ఒక్కసారే, బతిమాలిన మనిషిని కాదనలేక, అరిగిన టైరుకి వేడి కత్తితో గాట్లు కోసిచ్చాడు. పైకి కొత్తదానిలా కనిపించింది. దారిలో ఆ టైరు పేలింది, ఆ మనిషి ఇల్లు చేరలేదు. తండ్రిని ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే ఆ తర్వాత భోజనం దగ్గర మాట్లాడటం మానేశాడు. అరిగిన టైరు గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఆమెకి ఇప్పటికీ చెయ్యి లేస్తుంది.

"యాభైయే వస్తోంది," అన్నాడు ఇస్త్రీ మెల్లగా. వెంటనే మొండికేశాడు. "కానీ బోడి టైర్లుంటేనే కదా? నేను చూసినవి కొత్తవి."

"ఎన్నింటికి చూశావ్?"

"నిన్న పదకొండింటికి. యార్డులో."

"బస్సు యార్డుకి ఎన్నింటికొచ్చింది?"

"రిజిస్టర్లో పదిన్నర."

"క్రేను వాడు దీన్ని ఏడూ యాభైకి కట్టాడు. పొద్దున వాడినోటే విన్నాను. ఇక్కణ్ణించి యార్డుకి ఇరవై నిమిషాలు. మిగతా రెండుగంటల ఇరవై నిమిషాలు, ముక్కు పగిలిన బస్సు ఎక్కడ షికారు తిరిగింది?"

ఇస్త్రీ ఫోన్లో తన రిపోర్టు తెరిచి తిరగేశాడు. తొమ్మిది పేజీల్లో ఎక్కడా ఆ ప్రశ్న లేదు.

యార్డు చేరేసరికి మూడు కావస్తోంది. ఆకాశం మూసుకొచ్చింది. నిన్న తొమ్మిదికి ఆగిన వాన మళ్ళీ రాలేదు కానీ, ఇప్పుడు గాలిలో తడి తెలుస్తోంది.

ప్రమాదం జరిగిన ఒకటో నంబరు బస్సు తుక్కు బళ్ళ మధ్య నిలబడి ఉంది. దాని పక్కనే ఫ్యాక్టరీకి బస్సులు తిప్పే యజమాని, ఆయన షెడ్డు మెకానిక్కు. గేటు దగ్గర కాపలా కానిస్టేబులు. యజమానిని అందరూ 'అన్నయ్య' అనాలి. సార్ అంటే నొచ్చుకుంటాడు. డ్రైవర్లకి జ్వరమొస్తే పళ్ళు పంపిస్తాడు, సెలవు మాత్రం ఇవ్వడు. చనిపోయిన పిల్ల ఇంటికి నిన్న తనే వెళ్ళి, వాళ్ళ నాన్న భుజం మీద తల పెట్టి ఏడ్చొచ్చాడు.

"రా చెల్లీ," అన్నాడు డిటెక్టివ్‌ని చూసి. "ఆ డ్రైవరు నాకు తమ్ముడిలాంటివాడు. కానీ తప్పు చేశాడు, ఏం చేస్తాం? వాడి కుటుంబాన్ని నేను చూసుకుంటానని మాటిచ్చాను."

"నాకు అన్నయ్యల్లేరు. పక్కకి జరగండి."

ఆమె బస్సు చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక చక్రాల గాడుల్లో ఎర్రమట్టి కూరినట్టు బిగుసుకుపోయి ఉంది. గోరుతో గీరితే రాలేదు. ముందు చక్రాలు కడిగిన గిన్నెల్లా ఉన్నాయి.

"బురదలో నాలుగు చక్రాలూ దిగాయి. మట్టి వెనకవాటికే అంటుకుందా?"

"వానకి కడుక్కుపోయి ఉంటుంది," అన్నాడు యజమాని.

"ముందు చక్రాల మీదే కురిసిందా వాన?"

ఇస్త్రీ దగ్గాడు. అది నవ్వో కాదో తెలియలేదు.

ఆమె ముందు చక్రం మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. ఏవో సన్నగా గుచ్చుకున్నాయి. "ఈ టైర్లెప్పుడు వేయించారు?"

"మూడు నెలలైంది."

"ఇస్త్రీ, ఇటు రా. నువ్వు గాడి లోతు కొలిచావ్. చెయ్యి పెట్టి చూశావా? ఈ రబ్బరు వెంట్రుకలేంటి? అచ్చులోంచి తీసిన కొత్త టైరుకి ఉంటాయి ఇవి. రోడ్డెక్కితే నాలుగైదు రోజులకి నడుమ ఉన్నవన్నీ అరిగిపోతాయి. మూడు నెలలు, రోజుకి నాలుగు ట్రిప్పులు తిరిగిన బస్సుకి ఇవి ఇంకా ఎలా నిలిచాయి?"

"కంపెనీ మంచిదమ్మా," అన్నాడు యజమాని. చెమట పట్టింది ఆయనకి. "అయినా ఇదంతా పోలీసుల పని. నువ్వెవరు అడగడానికి? ఇన్సూరెన్సు వాళ్ళు చూశారు, బాగున్నాయని రాశారు. రాసినాయన పక్కనే ఉన్నాడు. అడుగు!"

అందరూ ఇస్త్రీ వైపు చూశారు. అతను టైరుని అరచేత్తో నిమురుతున్నాడు.

డిటెక్టివ్ చూపు మెకానిక్కు మీద పడింది. అతను యజమాని మొహం చూడటం లేదు. అతని కళ్ళు మాటిమాటికీ చక్రం అడుగుకి పోయి, తిరిగి నేలమీదికి వస్తున్నాయి. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు, దాని మధ్య తెల్లటి మరకలు.

"గోళ్ళకా తెల్ల రంగేంటి?"

"చక్రాలకి నంబర్లు రాస్తానండి."

"ఒరేయ్, అవన్నీ ఆవిడకెందుకు?" అని యజమాని గొంతు పెంచాడు. చెల్లీ, తమ్ముడూ అన్నీ పోయాయి గొంతులోంచి.

"ఎక్కడ రాస్తావ్?"

మెకానిక్కు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "లోపలివైపండి. బయట రాస్తే గట్టుకి ఒరుసుకుని చెరిగిపోద్ది. డ్రైవర్లు మంచి టైర్లు ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మార్చేసుకుంటున్నారని, ఎవరూ మార్చకుండా అన్నయ్యే పెట్టారండి ఆ రూలు."

డిటెక్టివ్ ఇంకో మాట వినకుండా టార్చి తీసి, బురదలో వెల్లకిలా పడుకుని బస్సు కిందికి జరిగింది. పైన యజమాని ఏదో అరుస్తున్నాడు. ఎడమ చక్రం లోపలి గోడ మీద, తెల్లటి రంగుతో, బొటనవేలంత అక్షరాలు. ఆమె కుడివైపుకి పాకి రెండో చక్రం కూడా చూసి బయటికొచ్చింది.

"ఇస్త్రీ, నువ్వు వెళ్ళు. నేను చెప్తే కథంటావ్."

అతను తన చొక్కా వంక ఒకసారి చూసుకున్నాడు. తర్వాత టార్చి అందుకుని బురదలో పడుకున్నాడు. బయటికొచ్చినప్పుడు వీపంతా ఎర్రమట్టి, మొహం పాలిపోయి ఉంది.

"రెండు, ఎడమ అని ఉంది," అన్నాడు. "అటుపక్క రెండు, కుడి."

"ఒకటో నంబరు బస్సుకి రెండో నంబరు బస్సు చక్రాలు," అంది డిటెక్టివ్. "నిన్న ఎనిమిదికి ఊళ్ళో ఒక్క టైర్ల షాపు కూడా తీసి ఉండదు. బోడి టైర్లతో యార్డుకి పంపితే దొరికిపోతారు. బస్సుని మీ షెడ్డుకి తోలించి, మొన్నే కొత్త టైర్లు వేసిన రెండో బస్సువి విప్పి దీనికి బిగించారు. ఒక పిల్ల శవం ఇంకా మార్చురీలో ఉండగానే! మరి దీనివి విప్పిన ఆ బోడి..."

ఆమె చెంప మీద చల్లగా ఒక చినుకు పడింది. రేకుల మీద ఇంకోటి, ఆ వెంటనే పది.

*రెండో నంబరు బస్సు. మూడూ పదికి బజారు దగ్గరికొస్తుంది. ఎక్కు.*

ఎక్కించింది తనే. కసిరి మరీ ఎక్కించింది.

గడియారం మూడూ ఇరవై నాలుగు చూపిస్తోంది. ఆమె వేళ్ళు ఫోను మీద జారాయి. రెండో రింగుకే అటునుంచి డ్రైవరు భార్య గొంతు, దాని వెనకాల వాన చప్పుడు.

"ఎక్కడున్నావ్?"

"బస్సులో అక్కా. దిగుడు మీదున్నాం, ఫ్లైఓవరు కనపడతంది. ఇక్కడ జోరుగా పట్టుకుంది వాన."

"డ్రైవరుకి ఫోనివ్వు. స్పీకరు పెట్టివ్వు. వెంటనే!"

గలాటా, తోపులాట, ఎవరో విసుక్కున్న మాట. తర్వాత మగ గొంతు. "ఎవరండీ?"

"బ్రేకు తొక్కకు. నీ ముందు టైర్లు బోడివి. గేరు మీద మెల్లగా..."

"ఎవరో తెలీకుండా బస్సాపితే అన్నయ్య ఊరుకోడండీ. ఇప్పటికే లేటు, గేటు మూసేస్తారు. పెట్టేయండి."

ఆమె ఫోనుని యజమాని మొహం ముందు పెట్టింది. "చెప్పు. నీ మాటే వింటాడంట. చెప్పు!"

యజమాని ఫోను వైపు చూశాడు. గేటు దగ్గర్నించి నడిచొస్తున్న కానిస్టేబులు వైపు చూశాడు. ఆపమంటే ఒప్పుకున్నట్టే. ఆ లెక్క ఆయన కళ్ళలో నడుస్తుండటం అక్కడున్న అందరికీ కనిపించింది.

"నేనేం చెప్తాను?" అన్నాడు. "ఆ బస్సుకేం? బాగానే ఉంది."

ఇస్త్రీ బురద చేతులతో ఆయన కాలరు పట్టుకున్నాడు. "ముప్ఫైమందున్నారయ్యా అందులో!"

మెకానిక్కు ఒక్క ఉదుటున వచ్చి ఫోను లాక్కున్నాడు.

"బావా, నేను! అక్క మీదొట్టు, బ్రేకు ముట్టుకోకు! నేనే మార్చాను ఆ చక్రాలు. ఒకటో బండివి నీకేశాను. నిన్న ఆ పిల్లని చంపినవి అవే బావా!" ఏడుస్తూ అరుస్తున్నాడు. "చెప్తే అన్నయ్య పనిలోంచి తీసేస్తానన్నాడు, అందుకే చెప్పలేదు..."

"ఏడుపు తర్వాత!" డిటెక్టివ్ ఫోనుకి దగ్గరగా వంగింది. "విను. యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యి. మూడో గేరు. మెల్లగా, కుదుపు లేకుండా. స్టీరింగు నిటారుగా పట్టుకో, ఎవడడ్డమొచ్చినా హారన్ కొట్టు, తిప్పకు. తడిమీద ఉన్నంతసేపూ బ్రేకు లేదనే అనుకో. రెండో గేరు. ఫ్లైఓవరు కింద రోడ్డు పొడిగా ఉంటుంది. ముందు చక్రాలు నీడలోకి వెళ్ళాక, అప్పుడు తొక్కు. అక్కడ పట్టుకుంటాయి. అక్కడైతేనే పట్టుకుంటాయి!"

అటునుంచి ఇంజను గుర్రుమంటూ గేరు మారిన చప్పుడు. ఆడవాళ్ళ కేకలు. హారన్, ఆగకుండా. యార్డులో ఎవరూ కదల్లేదు. యజమాని కూడా.

తర్వాత రబ్బరు కీచుమంది. పొడి రోడ్డు మీద మాత్రమే వచ్చే చప్పుడది. పొట్టిగా వచ్చి ఆగిపోయింది.

డిటెక్టివ్ పళ్ళు బిగించి పది లెక్కపెట్టింది.

"అక్కా..." అంది డ్రైవరు భార్య. "ఆగింది అక్కా."

మెకానిక్కు ఉన్నచోటే చతికిలబడ్డాడు. కానిస్టేబులు వచ్చి, ఎవరూ చెప్పకుండానే, యజమాని పక్కన నిలబడ్డాడు.

"అందరూ దిగి గట్టెక్కండి," అంది డిటెక్టివ్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నువ్వు మాత్రం ముందు చక్రం దగ్గర నిలబడు. ఎవడొచ్చినా ముట్టుకోనివ్వకు. అన్నయ్య పంపాడన్నవాణ్ణి చెప్పు తీసుకుని కొట్టు."

"అట్టాగే అక్కా." వాన చప్పుడు మధ్య ఆమె అడుగులు వినిపించాయి. "అక్కా, చక్రం వెనకాల రోడ్డు మీద నల్లగా గీత పడింది."

ఇస్త్రీ దగ్గరికొచ్చాడు. "చారలున్నాయేమో అడగండి," అన్నాడు గుసగుసగా.

"అందులో చారలున్నాయా?"

"లేవు. నున్నగా, మసి పూసినట్టుంది. పక్కన ఇంకోటి కూడా ఉందక్కా, అచ్చం ఇట్టాంటిదే. పాతది. అదెవరిది?"

డిటెక్టివ్ గడియారం చూసింది. మూడూ ముప్ఫై ఒకటి. నాలుగుకి ఇంకా ఇరవై తొమ్మిది నిమిషాలుంది.

"మీ ఆయనది," అంది. "రెండూ కలిసొచ్చేలా ఫోటో తీసి నాకు పంపు. తర్వాత ఆయనకి ఫోన్ చేసి చెప్పు, పెన్ను ముట్టుకుంటే రెండో కాలు నేను విరగ్గొడతానని."

అటువైపు ఆమె ఆ గీత పక్కన కూర్చుందేమో, గొంతు నేలకి దగ్గరగా వచ్చినట్టు వినిపించింది.

"ఇక్కడ పట్టుకుంది, ఇక్కడ పట్టుకుంది అని రాత్రంతా చెప్పాడక్కా. నేను కూడా నమ్మలేదు."